జకాత్ లెక్క చూసేవారికి జీతం, తనిఖీ రెండూ ఎందుకు కావాలి

సంక్షిప్తంగా

జకాత్ (స్తోమత ఉన్న ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం), సదఖా (ఐచ్ఛిక దానం), వక్ఫ్ (ధార్మిక పనులకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తి) ఆదాయంతో నడిచే సంస్థల్లో పనిచేసేవారికి భక్తి ఉంటే చాలు, అజమాయిషీ అక్కర్లేదన్న నమ్మకం పాతది. లెక్కలు, టార్గెట్లు బిగిస్తే అన్నీ చక్కబడతాయన్న ధోరణి కొత్తది. ఇండోనేషియా, మలేషియా, పాకిస్తాన్ అనుభవాలను, మన దగ్గరి మదర్సా వసూళ్లను, వక్ఫ్ బోర్డులను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ సగం నిజాలేనని తెలుస్తుంది. జీతం ఏ పద్దులోంచి వస్తోంది, తనిఖీ పైవాళ్లకు కూడా ఉందా, కింది ఉద్యోగి ప్రశ్న అడగగలడా అన్నవాటిని బట్టే సిబ్బంది నిబద్ధత నిలుస్తోంది, లేదా సడలుతోంది.

రసీదు మీద ఒక టిక్కు

రంజాన్ నెల వచ్చిందంటే హైదరాబాద్‌లో మసీదుల బయట రసీదు పుస్తకాలు పట్టుకున్నవారు కనిపిస్తారు. వారిలో చాలామంది దూరప్రాంతాల మదర్సాల నుంచి వచ్చినవారు. వీరిని సఫీర్లు అంటారు. ఒక చేతిలో రసీదు పుస్తకం, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టిన తస్దీక్‌నామా ఉంటాయి. ఫలానా మదర్సా నిజంగానే నడుస్తోందని పేరున్న ఆలిమ్ (మత పండితుడు) రాసిచ్చే కాగితమే తస్దీక్‌నామా. నమాజు ముగించుకుని వచ్చిన దాత వెయ్యి రూపాయలు చేతిలో పెడితే సఫీర్ ముందుగా అడిగేది ఒక్కటే: ‘జకాతా, ఇమ్దాదా?’ ఇమ్దాద్ అంటే సాధారణ విరాళం. జవాబును బట్టి ఆ గడిలో టిక్కు పెట్టి, రసీదు చింపి ఇస్తాడు.

ఆ టిక్కు చిన్నదే కానీ, ఈ సంస్థల ఆర్థిక వ్యవస్థ అంతా దాని మీదే నిలబడి ఉంది. ఆ వెయ్యి రూపాయలతో పిల్లలకు అన్నం పెట్టవచ్చా, పంతులుకి జీతం ఇవ్వవచ్చా, గోడ కట్టవచ్చా అన్నది అక్కడే తేలిపోతుంది. ‘నేనిచ్చిన దాంట్లో పేదవాడికి ఎంత చేరుతుంది?’ అని దాతలు ఏటా అడుగుతారు. ‘దేవుడి పనికి జీతం తీసుకోవడం తప్పా?’ అన్న ప్రశ్న సిబ్బందిలోనూ ఉంటుంది, కాకపోతే పైకి రాదు. ఈ రెండింటికీ జవాబు ఒకేచోట ఉంది.

జీతం, ఆడిట్ ఒకేసారి వచ్చాయి

జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో అధ్యాయం, 60వ వాక్యం ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. మొదట నిరుపేదలు, తర్వాత అవసరంలో ఉన్నవారు. మూడో స్థానంలోనే జకాత్ వసూలు చేసి పంచే పనివారు వస్తారు. వీరే ఆమిల్‌లు. అప్పుల్లో కూరుకుపోయినవారు, బాటసారులు వీరి తర్వాతే. అంటే ఈ పని చేసేవాడు ఉచితంగా చేయాలని మూలగ్రంథమే కోరలేదు, అతని కూలిని ఆ నిధిలోనే చేర్చింది. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలోని షాఫియీ సంప్రదాయంలో ఎనిమిది వర్గాలకు ఎనిమిది సమాన వాటాలన్న లెక్క నుంచి ఆమిల్ వాటా ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం అన్న పరిమితి వచ్చింది. ఇండోనేషియా, మలేషియా ఈ సంప్రదాయాన్నే ఎక్కువగా పాటిస్తాయి కాబట్టి అక్కడ ఈ అంకె దాదాపు చట్టంలా చలామణి అవుతుంది.

తనిఖీ కూడా అంతే పాతది. బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలుకు ప్రవక్త ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని పంపారని ప్రామాణిక హదీసులు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) చెబుతాయి. అతను తిరిగివచ్చి సరుకును రెండు భాగాలు చేశాడు. ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్నాడు. అప్పుడు ప్రవక్త, నువ్వు మీ అమ్మానాన్నల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుకలు నీ దగ్గరికి వచ్చేవా అని అడిగారు. ఆ తర్వాత అందరి ముందూ మాట్లాడుతూ, ఇలా అక్రమంగా తీసుకున్నవాడు ప్రళయ దినాన అరుస్తున్న ఒంటెనో ఆవునో మెడ మీద మోసుకుంటూ వస్తాడని హెచ్చరించారు.

ఆ మనిషి దొంగ అని అక్కడ ఎవరూ అనలేదు. తనకు వచ్చింది దాచనూ లేదు, పైకే చెప్పాడు. తప్పు ఎక్కడుందంటే, పదవిని చూసి వచ్చినదాన్ని తన సొంతం అనుకోవడంలో ఉంది. నేటి పరిభాషలో దీన్ని ప్రయోజనాల వైరుధ్యం అంటారు. విశ్వాసపరుడైన ఉద్యోగికి కూడా ఈ గీత ఎవరో ఒకరు గీసి చూపాల్సి వచ్చింది. ‘మా వాళ్లంతా భక్తిపరులు, ఆడిట్ ఎందుకు’ అని వాదించే కమిటీలకు ఈ ఒక్క ఉదంతం చాలు.

నిబద్ధత ఒకటి కాదు

ఉద్యోగి సంస్థను అంటిపెట్టుకుని ఉండటానికి కారణాలను 1991లో కెనడా పరిశోధకులు జాన్ మేయర్, నాటలీ అలెన్ మూడుగా విడదీశారు. ఇష్టపడి ఉండటం, ఉండటం ధర్మం అనుకుని ఉండటం, వెళ్తే నష్టం కాబట్టి ఉండటం. మామూలు కంపెనీల్లో మొదటిదీ మూడోదీ ఎక్కువగా కనిపిస్తాయి. ధార్మిక సంస్థల్లో మధ్యది బలంగా ఉంటుంది. జకాత్‌ను న్యాయంగా వసూలు చేసేవాడు ఇల్లు చేరేదాకా దైవమార్గంలో పోరాడే వాడితో సమానమని ఒక హదీసు. అది నమ్మి పనిలోకి వచ్చినవాడికి తన కుర్చీ మామూలు కుర్చీలా కనిపించదు.

సంస్థకు ఇది పెద్ద బలం, పెద్ద ప్రమాదం కూడా. ధర్మం అనుకుని ఉండేవాడు జీతం ఆలస్యమైనా వెళ్లిపోడు. కానీ అదే కారణంగా నోరూ విప్పడు. ‘సవాబ్ (పుణ్యం) దక్కుతుంది కదా, జీతం గురించి ఎందుకు’ అన్న మాటకు అతని దగ్గర జవాబుండదు. పైవాళ్ల ఖర్చుల మీద అనుమానం వచ్చినా, పెద్దలను అనుమానించడం పాపమేమో అని ఆగిపోతాడు. ఇలా భక్తి సిబ్బందిని నిలబెడుతూనే వారి గొంతును కట్టేస్తుంది. మామూలు ఆఫీసులో తప్పు జరిగితే ముందు రాజీనామాలు మొదలవుతాయి, అదే హెచ్చరిక. ఇక్కడ ఆ హెచ్చరిక రాదు. అందుకే బయటి నుంచి కట్టుదిట్టమైన అజమాయిషీ అవసరం ఇక్కడ ఎక్కువ.

ఇండోనేషియా: నియమాలు పుష్కలం, అయినా

ఇండోనేషియాలో జాతీయ జకాత్ సంస్థ బాజ్నాస్ 2001లో ఏర్పడింది. 2011 నాటి 23వ నంబరు చట్టం దానికి సమన్వయ అధికారం ఇచ్చి, దోంపెట్ ధువాఫా, రుమా జకాత్ లాంటి స్వచ్ఛంద జకాత్ సంస్థలకు అనుమతి, ఆడిట్ తప్పనిసరి చేసింది. ఆర్థిక ఆడిట్‌తో పాటు షరియా ఆడిట్ కూడా ఉంటుంది. డబ్బు సరిగ్గా ఉందా అని మొదటిది చూస్తే, ఆ డబ్బు తీసుకునే అర్హత ఉన్నవారికే చేరిందా అని రెండోది చూస్తుంది. జకాత్ లెక్కలకు విడిగా అకౌంటింగ్ ప్రమాణం కూడా ఉంది. అక్కడి ఉలమా (మత పండితుల) మండలి 2011లో ఇచ్చిన ఫత్వా ఇంకా సూక్ష్మంగా వెళ్లింది. ప్రభుత్వం జీతం ఇచ్చే ఆమిల్ జకాత్‌లోని ఆమిల్ వాటాను తీసుకోకూడదు. విధి నిర్వహణకు సంబంధించి దాత నుంచి కానుక పుచ్చుకోకూడదు. ఇబ్నుల్ లుత్బియ్యా ఉదంతమే పద్నాలుగు శతాబ్దాల తర్వాత ఆఫీసు నియమంగా మారిందన్నమాట.

రంజాన్ చివర్లో అక్కడి ఏ ఊరి మసీదు వరండాలో చూసినా ఆమిల్ పని ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది. ఇంటిల్లిపాదికీ తలా రెండున్నర కిలోల బియ్యం చొప్పున ఫిత్రా జకాత్ తెస్తారు. ఆమిల్ తూకం వేసి, పేర్లు రాసుకుని, చేతులెత్తి ఆ కుటుంబం కోసం దుఆ చేస్తాడు. ఇచ్చినవారి కోసం ప్రార్థించమని ఖురాన్‌లోనే ఉంది. తూకం, పద్దు, దుఆ మూడూ ఒకే చాప మీద జరుగుతాయి. అక్కడ పుస్తకంలో పేరు రాయించుకోవడం ఎవరికీ అవమానంగా తోచదు, ఎందుకంటే రాసే చెయ్యే ప్రార్థించే చెయ్యి కూడా.

ఇన్ని కట్టుబాట్ల మధ్యే 2022లో పెద్ద దెబ్బ తగిలింది. ఆక్సి చెపత్ తంగప్ అనే సంస్థ 2005లో మొదలై విపత్తు సాయంలో ఇంటింటికీ తెలిసిన పేరయింది. 2022 జులైలో టెంపో పత్రిక దాని అధినేతల భారీ జీతాలను, నిధుల మళ్లింపును బయటపెట్టింది. వ్యవస్థాపకుడు ఆహ్యుదిన్ నెల జీతమే 25 కోట్ల రుపియాలని పత్రిక రాసింది. జులై 5న సామాజిక వ్యవహారాల శాఖ విరాళాల సేకరణ అనుమతి రద్దు చేసింది. 2018 లయన్ ఎయిర్ విమాన ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబాల పేరిట సామాజిక నిర్మాణాలకు బోయింగ్ ఇచ్చిన నిధిలో పెద్ద భాగం పక్కదారి పట్టిందన్న కేసులో ఆహ్యుదిన్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల జైలు శిక్ష పడింది.

ఈ కేసులో గమనించాల్సింది రెండు అంకెల మధ్య సందు. ప్రజల నుంచి వసూలు చేసే విరాళాల్లో నిర్వహణ ఖర్చు 10 శాతం దాటకూడదని 1980 నాటి ప్రభుత్వ నిబంధన. సంస్థ చెప్పిన లెక్క ప్రకారమే దాని ఖర్చు సగటున 13.7 శాతం. దీన్ని సమర్థించుకోవడానికి నాయకత్వం జకాత్‌లోని ఎనిమిదో వంతు నియమాన్ని ముందుకు తెచ్చింది. కానీ ఆ డబ్బులో ఎక్కువ భాగం జకాత్ కాదు, సాధారణ విరాళాలు. ఒక పెట్టెకు వర్తించే నియమాన్ని ఇంకో పెట్టెకు తగిలించారు. తమ లెక్కలకు ఆడిటర్లు అభ్యంతరం లేని అభిప్రాయమే ఇచ్చారని కూడా సంస్థ చెప్పుకుంది. అంటే కాగితం మీద అజమాయిషీ ఉంది. లేనిదల్లా పైన కూర్చున్నవాడిని ప్రశ్నించే బోర్డు. ఉన్న బోర్డు ఆ పెద్దమనిషి నీడలోనే ఉంది.

నష్టం ఎవరికి? 2021లో 1,688 మంది ఉన్న సిబ్బంది 2022 జులై నాటికి 1,128కి తగ్గారని సంస్థే ప్రకటించింది. వరదల్లో దిగి సహాయం చేసినవారు, కౌంటర్లో కూర్చున్నవారు, యాప్ నడిపినవారు ఇలా వెళ్లిపోయారు. పైవాడి మీద తనిఖీ లేకపోతే కింది ఉద్యోగి నమ్మకమే ముందుగా చచ్చిపోతుంది.

మలేషియా, పాకిస్తాన్: రెండు కొసలు

మలేషియాలో జకాత్ రాష్ట్రాల విషయం. కౌలాలంపూర్‌లో 1991లో జకాత్ వసూలు కేంద్రాన్ని కంపెనీ పద్ధతిలో మొదలుపెట్టారు. కౌంటర్లు, జీతంలోంచి నెలనెలా కోత, ఆన్‌లైన్ చెల్లింపు వచ్చాయి. కట్టిన జకాత్ మొత్తాన్ని వ్యక్తులకు ఆదాయపు పన్నులో తగ్గిస్తారు కాబట్టి రసీదుకు విలువ పెరిగింది. వసూలు చేసే విభాగం వేరు, పంచే విభాగం వేరు. డబ్బు తీసుకున్నవాడే పంచకూడదన్న ఈ ఏర్పాటు పాతదైనా గట్టిది. కానీ కంపెనీ పద్ధతితో పాటు వసూలు టార్గెట్లు కూడా వస్తాయి. ఎంత వసూలైందన్నది రోజూ కొలవగలం. ఎంతమంది పేదరికం నుంచి బయటపడ్డారన్నది ఏళ్ల తర్వాత కానీ తెలియదు. కొలవగలిగినదాన్నే కొలిస్తే ఉద్యోగి దృష్టి దాత మీదే ఉంటుంది, పేదవాడి మీదకు పోదు. ఇష్టపడి వచ్చిన ఉద్యోగి నెల తిరిగేసరికి బ్యాంకు డిపాజిట్లు తెచ్చే ఏజెంటులా టెన్షన్ పడుతుంటాడు.

ఈ మార్పులకు ముందు పరిస్థితి ఎలా ఉండేదో కెడా రాష్ట్రపు వరి రైతులు చూపించారు. 1970ల చివర్లో అక్కడ అధికారిక జకాత్‌ను రైతులు బహిరంగంగా ఎదిరించలేదు. పొలం విస్తీర్ణం తక్కువ చెప్పడం, తడిసిన ధాన్యం, తాలు గింజలు కొలవడం చేశారు. అదే సమయంలో తమ ఊరి పేదలకు, ఖురాన్ నేర్పే గురువుకు విడిగా, మనస్ఫూర్తిగా ఇచ్చుకున్నారు. లెవీ ధాన్యం రోజులు తెలిసిన మన రైతులకు ఇది కొత్తగా అనిపించదు. పట్నానికి పోయిన ధాన్యం తిరిగి ఊరికి రాదన్న నమ్మకమే దీనికి మూలం. ఊళ్లో ఆమిల్‌గా ఉన్నవాడికి రెండువైపులా ఇబ్బందే. పైవాళ్ల దృష్టిలో అతను చేతకానివాడు, ఊరివాళ్ల దృష్టిలో పరాయివాడు. అలాంటి ఉద్యోగంలో నిబద్ధత ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ ప్రభుత్వం 1980లో జకాత్, ఉష్ర్ (పంటపై ఇచ్చే జకాత్) ఆర్డినెన్స్ తెచ్చి, రంజాన్ మొదటి రోజున సేవింగ్స్ ఖాతాల నుంచి రెండున్నర శాతం నేరుగా కోసే పద్ధతి పెట్టింది. వసూలు పూర్తిగా బ్యాంకు చేతిలో ఉంది, ఆమిల్ తప్పు చేసే అవకాశమే లేదు. అజమాయిషీ కోణంలో ఇంతకన్నా పటిష్ఠం ఏముంటుంది? ఫలితం మాత్రం వేరు. షియాలు ఇస్లామాబాద్‌లో పెద్ద ఎత్తున నిరసన తెలిపి మినహాయింపు సాధించారు. మిగిలినవారిలో చాలామంది రంజాన్ ముందు రోజు ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. పంపిణీ ఊరి కమిటీల చేతిలో, అదీ జీతం లేని సభ్యుల చేతిలో పెట్టడంతో రాజకీయ సిఫారసులు దూరాయి. పుచ్చుకునే దగ్గర తాళం, ఇచ్చే దగ్గర తలుపే లేదు.

మన దగ్గర చిక్కుముడి వేరు

భారత్‌లో జకాత్ వసూలు చేసే ప్రభుత్వ యంత్రాంగం లేదు. ఇక్కడ ఎక్కువగా పాటించే హనఫీ సంప్రదాయంలో చాలామంది ముఫ్తీల (మతపరమైన తీర్పులిచ్చే పండితుల) అభిప్రాయం ప్రకారం, మదర్సా సఫీర్‌నో ట్రస్టు ఉద్యోగినో ఖురాన్ చెప్పిన ఆమిల్‌గా లెక్కించలేం. అతను దాత తరఫు ప్రతినిధి మాత్రమే. కాబట్టి ఆమిల్ వాటా అతనికి వర్తించదు. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలి, దీన్నే తమ్లీక్ అంటారు. జీతాలు, కరెంటు బిల్లు, అద్దె అన్నీ ఇమ్దాద్ లేదా అతియా అనే సాధారణ విరాళాల నుంచే రావాలి. రసీదు మీద ఆ టిక్కు ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది.

చిక్కు ఎక్కడంటే, రంజాన్‌లో వచ్చేదంతా దాదాపు జకాతే. ‘పేదవాడికే చేరాలి’ అని దాత పట్టుబడతాడు, అది న్యాయమే. కానీ ఆ పేదవాడిని వెతికి, ఇంటికెళ్లి చూసి, లెక్క రాసే మనిషి జీతానికి ఎవరూ ఇవ్వరు. దాంతో సంస్థల్లో జకాత్ ఖాతా నిండుగా, జీతాల ఖాతా ఖాళీగా ఉంటుంది. కొన్నిచోట్ల జకాత్ సొమ్మును ఒక పేద విద్యార్థి చేతికిచ్చి, అతనిచేత సంస్థకు విరాళంగా తిరిగి ఇప్పించుకునే ‘హీలా’ పద్ధతి నడుస్తోంది. అవసరానికి మించి దీన్ని వాడటాన్ని ఉలమాలే తప్పుబడతారు. రోజూ ఈ తతంగం చూసే గుమస్తాకు నియమాల మీద గౌరవం మిగలడం కష్టం.

సఫీర్లకు వసూలులో శాతం ఇచ్చే కమిషన్ పద్ధతి ఇంకో సమస్య. పని మొదలుపెట్టేటప్పుడు కూలి ఎంతో తెలియని ఒప్పందం చెల్లదన్న కారణంతో చాలామంది ముఫ్తీలు దీన్ని ఒప్పుకోరు, నెల జీతం మీద పెట్టుకోమంటారు. నిర్వహణ శాస్త్రం చెప్పేదీ అదే. కమిషన్ మనిషికి వసూలే లోకం అవుతుంది, సంస్థ మీద బంధం ఏర్పడదు. వచ్చే ఏడు ఎక్కువ ఇచ్చే సంస్థ రసీదు పుస్తకం పట్టుకుంటాడు.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించడం కూడా జీతాల మీదే పడింది. ఇది అన్ని మతాల సంస్థలకూ వర్తించే నియమమే. దుబారాకు అడ్డుకట్ట పడింది నిజమే, కానీ పనికి మనిషే ప్రధానమైన సంస్థల్లో ‘పాలనా ఖర్చు’ అంటే చాలావరకు మనుషుల జీతమే.

వక్ఫ్: ఆస్తి కొండంత, సిబ్బంది గోరంత

వక్ఫ్ కథ ఇంకోలా ఉంటుంది. దేశంలో సుమారు 4.9 లక్షల నమోదిత వక్ఫ్ ఆస్తులు, ఆరు లక్షల ఎకరాల భూమి ఉన్నాయని, మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలని 2006లో సచార్ కమిటీ అంచనా వేసింది. ఏడాది ఆదాయం మాత్రం 163 కోట్ల రూపాయలే. ఈ లోటుకు ఆక్రమణలతో పాటు శిక్షణ పొందిన అధికారులు లేకపోవడాన్ని కూడా కమిటీ కారణంగా చూపి, వక్ఫ్ వ్యవహారాలకు ప్రత్యేక అధికారుల కేడర్ కావాలని సూచించింది.

1995 వక్ఫ్ చట్టం ప్రకారం ఏడాదికి 5,000 రూపాయలకు తగ్గని నికర ఆదాయం ఉన్న ప్రతి వక్ఫ్ అందులో 7 శాతం వరకు బోర్డుకు చెల్లించాల్సి ఉండేది. 2025 సవరణ దాన్ని 5 శాతానికి తగ్గించింది. సంస్థ చేతిలో డబ్బు మిగలడం మంచిదే. కానీ ముతవల్లీల (వక్ఫ్ నిర్వాహకుల) లెక్కలు తనిఖీ చేసేది, భూములు కాపాడేది బోర్డు సిబ్బందే. వారి జీతాలకు ఆధారం ఈ రాబడే. ఆదాయం తక్కువ కాబట్టి సిబ్బంది తక్కువ, సిబ్బంది తక్కువ కాబట్టి తనిఖీ తక్కువ, తనిఖీ లేక ఆదాయం ఇంకా తక్కువ. ఈ గొలుసు తెగకుండా కొత్త నియమాలు ఎన్ని పెట్టినా అమలు చేసే చెయ్యి ఉండదు. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో ప్రతి వక్ఫ్ వివరాలూ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. దస్తావేజులు పాత ఉర్దూలో, ఫార్సీలో ఉన్న చిన్న మసీదు కమిటీకి స్కానింగ్, సర్వే నంబర్లు, విస్తీర్ణాల లెక్క ఎంత భారమో ఆ పని చేసినవారికే తెలుసు.

నమాజు చేయించే ఇమామ్‌లు, అజాన్ పిలుపునిచ్చే మౌజన్‌ల పరిస్థితి ఇక్కడే చెప్పుకోవాలి. ఇమామ్‌లకు వేతనం ఇచ్చే బాధ్యత వక్ఫ్ బోర్డులదేనని 1993లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బోర్డుల దగ్గర అంత డబ్బు లేక తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలే గౌరవ వేతనం ఇస్తున్నాయి. తెలంగాణ నెలకు 5,000 రూపాయలు నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ 2021లో ఇమామ్‌లకు 10,000, మౌజన్‌లకు 5,000 చేసింది. సాయమే, కానీ ఇంటి అద్దెకు సరిపోని మొత్తం.

ఏ అజమాయిషీ మనసును నిలుపుతుంది

తిరుమల పరకామణిలో హుండీ సొమ్ము లెక్కపెట్టే భక్తులు జేబుల్లేని దుస్తుల్లో కూర్చుంటారు. ఆ నియమాన్ని అవమానంగా తీసుకునేవారు అరుదు, ఎందుకంటే అది అందరికీ ఒకటే. పైగా దేవుడి సొమ్మును కాపాడటానికే అది ఉందని కూర్చున్నవారికి తెలుసు. జకాత్ సంస్థల్లో ‘అమానత్’ అనే మాట ఆ పనే చేయగలదు. ఇది మనది కాదు, మన దగ్గర ఉంచింది అన్న భావన. రోజువారీ క్యాష్ టాలీని ‘నీ మీద అనుమానం’ అని కాకుండా ‘అమానత్‌కు కాపలా’ అని చెప్పే సంస్థలో గుమస్తా ఆ పని గర్వంగా చేస్తాడు. అదే గుమస్తా, అధ్యక్షుడి కారు ఖర్చుకు వోచర్ అడగకూడదని తెలిసిన రోజున, తన పెన్ను ఎందుకు పట్టుకున్నాడో అని ఆలోచనలో పడతాడు.

యూపీఐ వచ్చాక దాతలు మసీదు గోడ మీది క్యూఆర్ కోడ్‌కే జకాత్ పంపుతున్నారు. డబ్బు జాడ బ్యాంకులో దొరుకుతుంది, కానీ ‘జకాతా, ఇమ్దాదా?’ అని అడిగే మనిషి మధ్యలో లేడు. ఆ గడిలో టిక్కు పెట్టకుండానే సొమ్ము ఖాతాలో కలిసిపోతోంది. జకాత్‌కు ఒక క్యూఆర్, జీతాలకూ నిర్వహణకూ ఇంకోటి పెట్టి, రెండో దానిపై ‘ఇది పేదవాడిని వెతికే మనిషి జీతానికి’ అని రాయడం పెద్ద ఖర్చయ్యే పని కాదు. అలా రాసిన చోట దాత రెండో కోడ్‌కూ ఎంతో కొంత పంపే వీలుంది. జీతాల పద్దు నోటీసు బోర్డు మీద కనిపిస్తుంది. ముందు ఆ పద్దులో అధ్యక్షుడి పేరు, తర్వాత ఆఖరి వరుస దాకా సఫీర్ల పేర్లు.